జపాను ఎలుకకు నిర్మల్ రంగు

ఆ రోజుల్లో రంగు లేని బొమ్మను చూస్తే నాకు చలిలో బట్టల్లేకుండా నిలబెట్టిన చంటిపిల్లను చూసినట్టే ఉండేది. చేతికి దొరికిన దానికల్లా కుంచె పెడితేగాని ప్రాణం ఊరుకునేది కాదు. ఇప్పుడు ఈ వయసులో, అడగకుండా బాగుచేసేవాళ్లంటే నాకు భయం. ఒకప్పుడు వాళ్లందరిలో నేనే ముందుండేదాన్ని కాబట్టి, ఆ భయం నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

మాది నిర్మల్. మా బాపు పునికి చెక్కతో బొమ్మలు చెక్కేవాడు. చింతగింజలు నానబెట్టి, రుబ్బి, ఉడికించి జిగురు తీసేవాళ్లం. అందులో రంపపు పొట్టు కలిపితే ముద్దయ్యేది. చెక్కలో పురుగు తిన్న బొక్క కనబడితే ఆ ముద్దతో పూడ్చాలి, గీత కనబడితే సుద్ద పూసి నున్నచేయాలి, ఆ పైన రంగు వేయాలి. రంగు పడనిది మా ఇంట్లో బొమ్మే కాదు, పొయ్యిలోకి పోవలసిన కట్టె. బడి ముఖం చూడని నాకు వచ్చిన చదువంతా ఇదే.

పెళ్లయి శ్రీరాంపూర్ వచ్చాను. మా ఆయన బొగ్గుబాయిలో బదిలీ కూలి. అంటే ఎవరైనా రాని రోజే ఈయనకు పని. మేము ఉన్నది ఒక ఇంజనీరు సారు బంగళా వెనక గదిలో. ఆ బంగళాలో మా అత్త వంట చేసేది, నేను ఊడ్చి తుడిచేదాన్ని, అందుకే ఆ గది. పని పోతే గది పోతుంది, ముగ్గురం మూటాముల్లెతో రోడ్డు మీద ఉంటాం.

సారు ఒక్కరే ఉండేవారు. వయసులో ఉన్నప్పుడు యంత్రాల పని నేర్చుకోవడానికి భార్యతో కలిసి జపాను పోయి కొన్నాళ్లు ఉన్నారట. అక్కడి పాత సామాన్ల దుకాణాల్లో ఇద్దరికీ ఒకటే పిచ్చి పట్టింది. లక్క పెట్టెలు, పింగాణీ గిన్నెలు, బంగారు కొంగలు ఎగిరే విసనకర్ర, ఇవన్నీ హాలులో ఉండేవి. అసలైనవి మాత్రం అద్దాల బీరువాలో, మఖ్మల్ గుడ్డ మీద. నిమ్మకాయ కంటే పెద్దది ఒక్కటీ లేదు. ముడుచుకుని పడుకున్న కుక్క, తల్లి వీపెక్కిన తాబేలు, చెప్పు మీద కూర్చున్న కప్ప. వాటిని నెత్సుకె అంటారట. "జపానోళ్ల పాత బట్టలకు జేబులుండయి పిల్లా. సంచిని తాడుకు కట్టి నడుంపట్టీల దోపుకుంటరు. తాడు జారకుండ పైన గీ బొమ్మ" అని సారు ఒకసారి చెప్పబోయారు. (నేను అప్పుడు బీరువా అద్దం మీద ఈగ మరకను గీకుతున్నాను. సగం విని సగం వదిలేశాను. నా కొంప మునిగింది ఆ వదిలేసిన సగంలోనే.)

అన్నింటిలోకీ సారుకు ప్రాణం ఒక చెక్క ఎలుక. తోకను ఒంటి చుట్టూ తిప్పుకుని, ముందు కాళ్లతో ఒక కాయను పట్టి కొరుకుతుంటుంది. ఆయన భార్య తన చేత్తో ఏరి కొనిపించినదట. ఆమె పోయాక రోజూ పొద్దున చాయ్ తాగుతూ సారు దాన్ని అరచేతిలో పెట్టుకుని బొటనవేలితో నిమిరేవారు. మా అత్త వంటింట్లోంచి చూసి, "దేవుణ్ణి ఇడిసిపెట్టి వాహనానికి మొక్కుతుండు సారు" అని నవ్వేది.

ఒకనాడు సారు మా ఇద్దరినీ పిలిచారు. ఆదివారం హైదరాబాద్ నుంచి పెద్దాయన ఒకరు వస్తున్నారని, పాత వస్తువుల సంగతి ఆయనకు తెలిసినంత ఎవరికీ తెలియదని, అక్కడ పెట్టబోయే ప్రదర్శనకు బొమ్మలు ఏరుకుంటారని చెప్పారు. "మూడేండ్ల సంది ఉత్తరాలు రాస్తున్న. ఎలుకను ఒప్పుకుంటే దాని పక్కన చీటీ మీద మా ఇంటామె పేరు రాస్తరు. ఆమె ఏరిన బొమ్మను నలుగురు చూడాలె. నాకు గంతే గావాలె" అన్నారు. ఇల్లు మంచిగా సర్దమని చెప్పి, పని మీద ఇచ్చోడ వైపు వెళ్లిపోయారు.

గురువారం నేను బీరువా తెరిచాను. ఎలుకను చేతిలోకి తీసుకున్నదాన్ని అలాగే నిలబడిపోయాను. ఒంటి మీద చుక్క రంగు లేదు. వీపు మీద బొచ్చు గీతలు అరిగిపోయి ఉన్నాయి. తిప్పి చూస్తే కడుపు కింద రెండు బొక్కలు! వాటి పక్కన గోళ్లతో గీకినట్టు ఏవో గీతలు. పాపం, అమ్మగారు ముచ్చటపడి కొన్నది పుచ్చిన బొమ్మ! అంత పెద్దాయన వచ్చి దీన్ని చూసి నవ్వితే సారు ముఖం ఎక్కడ పెట్టుకుంటారు?

"సారు సామాను ముట్టకే పోరీ" అంది అత్త.

"నువ్వు కూరల ఉప్పు జూస్కో అత్తా. బొమ్మ సంగతి నాకిడిసిపెట్టు."

చింతగింజల జిగురు తీశాను. బొక్కలు రెండూ పూడ్చాను. గీతల మీద సుద్ద పూశాను. ఒంటికి బూడిద రంగు, చెవుల్లో గులాబీ, కాయకు పసుపు, కళ్ల చుట్టూ తెల్లని గీత. మెరుగుకు నూనె పూత కూడా వేద్దామనుకున్నాను గానీ అది ఆరడానికి నాలుగు రోజులు పడుతుందని ఊరుకున్నాను. (నా జన్మలో నేను చేయకుండా వదిలేసిన పనుల్లో ఇంత పుణ్యమైనది ఇంకొకటి లేదు.) అత్త కూడా గరిటె పట్టుకుని వచ్చి చూసి, "ఇగ కిచకిచమనుడే తక్కువ" అని ఒప్పుకుంది.

శనివారం మధ్యాహ్నం సారు వచ్చారు. బూట్లయినా విప్పకుండా నేరుగా బీరువా దగ్గరికి పోయారు. నేను తలుపు పక్కన కొంగు సర్దుకుని నిలబడ్డాను, మెచ్చుకుంటే సిగ్గుపడాలి కదా.

"గిది... ఎవలు చేసిండ్రు?"

"నేనే సారూ! బొక్కలు గూడ పూడ్చిన. మంచిగున్నదా?"

సారు కుర్చీలో కూలబడ్డారు. అరిచి ఉంటే బాగుండేది. ఎలుకను అరచేతిలో పెట్టుకుని, ఎప్పటిలా నిమరబోయి, బొటనవేలికి బూడిద రంగు అంటితే ఆ వేలినే చూస్తూ కూర్చున్నారు. తరువాత చాలా మెల్లగా అన్నారు. "గా బొక్కలు పుచ్చినయి గావు పిల్లా. తాడు దోపేటియి. అవి లేకుంటే అది నెత్సుకెనే గాదు."

వంటింట్లోంచి అత్త ఏడుపు మొదలుపెట్టింది. "మన్ను బోసినవ్ గదనే! ఇగ మూట గట్టుకోవే, రోడ్డు మీద ఎలుకలకు రంగులేద్దువు!"

సారు లేచి స్పిరిట్ సీసా వెతకసాగారు. అప్పుడు ఎక్కడిదో ధైర్యం వచ్చింది. వెళ్లి ఆయన చేతిలోంచి సీసా లాక్కున్నాను. "స్పిరిట్ పోస్తే నా రంగుతోని జపాను మెరుపు గూడ పోతది సారూ. మీరు బాయి పనోళ్లు, నేను చెక్క పని దాన్ని. జర పక్కకు జరుగుండ్రి."

నీళ్లు పోస్తే చెక్క ఉబ్బుతుంది. మా ఇంట్లో ఆరని రంగు తప్పుగా పడితే బాపు పుల్లకు దూది చుట్టి, నాలుక మీద తడిచేసి తుడిచేవాడు. నేనూ అదే చేశాను. సారు కళ్లు పెద్దవి చేసి, "ఏం జేస్తున్నవే!" అన్నారు.

"ఉమ్మి సారూ. నీళ్లయితే ఎక్కువైతయి, ఉమ్మి సరిపోను ఉంటది."

గంట గడిచేసరికి నా నోరు ఎండిపోయింది. ఏడుపు ఆపిన అత్త ఏమనుకుందో ఏమో, పచ్చి చింతకాయ తెచ్చి, ఉప్పద్ది, నా కళ్ల ముందు ఊపుతూ కూర్చుంది. నాకు నోరూరడం, నేను తుడవడం. (ముంచింది చింతగింజ, తేల్చింది చింతకాయ.) పొద్దుగూకేసరికి ఎలుక ఒళ్లు బయటపడింది. తెల్లవారి మళ్లీ కూర్చుని సూదితో బొక్కలు తోడాను. ఒక బొక్క అంచు రెండో దానికంటే నున్నగా ఉంది. ఎన్ని ఏళ్లు తాడు రాసుకుంటే చెక్క అలా అవుతుందో మా ఇంటి పిల్లకు ఒకరు చెప్పనక్కరలేదు. అప్పుడు సిగ్గేసింది, నిజమైన సిగ్గు.

చివరికి గీతలు. సూది మొనతో నా సుద్ద తీస్తుంటే దాని కింద నల్లగా, గట్టిగా, ఎన్నడో పట్టిన మడ్డి కూడా పెళుసుగా లేచి రావడం మొదలైంది. భూతద్దం పట్టుకుని మీదికి వంగిన సారు, "ఆగు ఆగు" అన్నారు. "గిది పేరు పిల్లా. చెక్కినాయన పేరు. ఇన్నేండ్లు సగమే కనబడ్డది."

"పేరా? బొమ్మ మీదనా? ఎలుకను చేసినోడు గూడ పేరు రాసుకుంటడా సారూ?"

రెండు రోజుల్లో మొదటిసారి సారు నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. మా బాపు చెక్కిన బొమ్మలు ఎన్ని సంతలకు పోయాయో లెక్కలేదు, ఒక్కదాని మీదా ఆయన పేరు లేదు.

పదకొండింటికి పెద్దాయన జీపు దిగారు. నేను చాయ్ పళ్లెం పట్టుకుని హాలులోకి వచ్చేసరికి ఎలుక ఆయన అరచేతిలో ఉంది. పేరు చూసి తలూపారు. బొక్కలు చూసి తలూపారు. ముఖం దగ్గర భూతద్దం ఆగిపోయింది. "ఇంజనీర్ సాబ్, చెవి లోపట గులాబి రంగు మరక ఉన్నది. పాత రంగు మిగిలినట్టుంది. గిసొంటిది నేనెన్నడు చూడలే!"

సారు దగ్గుతూ పైకప్పు వైపు చూశారు. వంటింటి గుమ్మంలో అత్త పెదవుల మీద వేలు పెట్టుకుని నన్ను బతిమాలుతోంది. నోరు మూసుకుంటే గది ఉంటుంది, సారు కోరికా తీరుతుంది. కానీ రేపు ఆ చీటీ మీద అమ్మగారి పేరు రాస్తారు, ఆ పేరు పక్కన నా అబద్ధం కూర్చుంటుంది. పళ్లెం బల్ల మీద పెట్టాను.

"అది పాత రంగు గాదు సారూ. మొన్న గురువారం నాడు నేనేసిన. చెవుల దూది పోలే."

పెద్దాయన నన్ను చూశారు, సారును చూశారు, ఎలుకను చూశారు. "ఒళ్లంత ఏసినవా?"

"ఒళ్లంత ఏసిన."

"మరి ఎట్ల తీసినవ్?"

"ఉమ్మితోని."

పెద్దాయన అందుకోబోయిన చాయ్ కప్పును వదిలేసి, పొట్ట పట్టుకుని నవ్వారు. "అరె బేటీ, పెద్ద పెద్ద మ్యూజియంలల్ల గూడ గట్లనే తీస్తరు! గంత చదువుకుని వాళ్లు చేసేది గూడ గదే." తరువాత సారు భుజం తట్టి, "పేరు బయటపడ్డంక దీని లెక్కనే వేరు. గీ ఎలుకను నేను తీస్కపోత. అమ్మగారి పేరు నేనే రాయిస్త" అన్నారు. సారు కళ్లు తుడుచుకోవడానికి కిటికీ వైపు తిరిగారు. వంటింట్లో అత్త మళ్లీ ఏడవడం మొదలుపెట్టింది (ఈసారి సంతోషానికి, చప్పుడు మాత్రం అదే). మా గది మాకు మిగిలింది. బొమ్మలు తుడిచే పని కూడా నాకే ఇచ్చారు. ఇకమీదట బంగళాలోకి చింతగింజలు మాత్రం రాకూడదని హుకుం.

పోతూ పోతూ పెద్దాయన తన పుస్తకం తెరిచి, "శుభ్రం చేసింది నువ్వే గద, నీ పేరు రాయి బేటీ" అని కలం ఇచ్చారు. దూర దేశపు మనిషి పేరును సూదితో గీత గీతగా తోడి తీసిన నేను, నా పేరుకు బొటనవేలు ముద్ర వేసి ఇచ్చాను. ఆ నల్లని వేలు చాలా రోజులు మండింది. అయినా నేను పలక పట్టేసరికి నలభై దాటాయి. మా వాడలో సాయంత్రం బడి పెట్టినప్పుడు, మనవల వయసు పిల్లలు కిటికీలోంచి నవ్వుతుంటే పోయి కూర్చున్నాను.

నా పేరు రావడానికి వారం పట్టింది. రెండో పేరు నేర్చుకున్నాక బస్సెక్కి నిర్మల్ పోయాను. బాపు చేతులు వణుకుతున్నా ఇంకా చిలుకలు చెక్కుతూనే ఉన్నాడు. ఒకదాన్ని తీసుకుని కడుపు కింద నల్ల రంగుతో వంకరటింకరగా ఆయన పేరు రాశాను. నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి, ఏళ్లు మీదపడ్డ మనిషినని మరిచిపోయి రాశాను.

"దాని కడుపు కింద ఏందే? ఎవలు తిరగేసి చూస్తరు?" అన్నాడు బాపు.

"చూసేటోళ్లు చూస్తరు బాపూ."

చిలుకను తీసుకుని, కళ్లకు దగ్గరగా పెట్టుకుని, రాతను తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూశాడు. ఆరని రంగు అంటకుండా పక్కన వేలు పెట్టి, మెల్లగా అడిగాడు.

"గిది నేనేనా?"