రెండు షిఫ్టుల స్వెట్టరు

మా కింది ఇంటి అక్కగారు మంగళవారం పొద్దున ఆసుపత్రిలో పోయారు. న్యుమోనియా. మా జనక్‌పురి కాలనీ మొత్తానికి చలి జాగ్రత్తలు చెప్పే మనిషి ఆవిడే. చలి వెతుక్కుంటూ వచ్చి ఆవిడనే పట్టుకుంది.

ఆవిడది బందరు వైపు. ఢిల్లీ ఆసుపత్రుల్లో నర్సుగా చేసి రిటైరయ్యారు. గుమ్మం ముందు మంచమంత జాగాలో పొన్న మొక్క పెంచారు. ఉప్పుగాలికి అలవాటు పడ్డ చెట్టు అది. నిగనిగలాడే ఆ ఆకుల్ని ఇక్కడ ఎవరూ ఎరగరు. సొంతూరి చర్చి ఆవరణలో ఏరుకొచ్చిన కాయల నుంచి మొలిపించారు.

"ఇక్కడి చలికి పొన్న బతుకుతుందా అక్కగారూ?" అన్నాను.

"నువ్వు బతకట్లేదూ?" అన్నారు.

మొదటి మొక్క బతకలేదు. పొద్దువాలగానే మొక్కలకి నీళ్ళు పోయడం మన కోస్తా అలవాటు. జనవరిలో కూడా ఆవిడ అలాగే పోశారు. వేళ్ళు కుళ్ళి, ఆకులు నల్లబడ్డాయి.

"జ్వరంతో వణికే పేషెంటుకి చన్నీళ్ళ స్నానం చేయించాను తమ్ముడూ," అన్నారు.

రెండో మొక్కకి మిట్టమధ్యాహ్నం ఎండలోనే నీళ్ళు. దీపాలవేళకి తన మెరూన్ స్వెట్టరు విప్పి, మొక్క కొమ్మలు దగ్గరికి చేర్చి దానికి తొడిగి, పైదాకా గుండీలు పెట్టేవారు. పొద్దున ఎండెక్కాక మళ్ళీ తను వేసుకునేవారు. ఒకటే స్వెట్టరు, రెండు షిఫ్టులు.

చెట్టుకి కూడా స్వెట్టరా అని కూరగాయలబ్బాయి నవ్వేవాడు. "ఆంటీజీ, పేడ్ కో భీ స్వెటర్?"

"హాఁ భయ్యా, టోపీ భీ ఆయేగీ!" టోపీ కూడా వస్తుందనేవారు ఆవిడ.

దానికి వేరే పాత స్వెట్టరు ఒకటి పడేయొచ్చు కదా అంటే, "ఒంటి మీంచి తీసిన గుడ్డలో వెచ్చదనం వేరులే," అనేవారు.

ఆసుపత్రికి తీసుకెళ్తున్న సాయంత్రం, ఆయాసంలోనే నా చెయ్యి పట్టుకుని అడిగిన మాట ఒక్కటే: "పొన్నకి గుండీలు పెట్టావా?"

పెట్టాను. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ ఆ డ్యూటీ నాదే.

సమాధుల తోటకి తీసుకెళ్ళే ముందు వాళ్ళమ్మాయి ఇల్లంతా వెతికింది. "మమ్మీకి ఆ స్వెట్టరే వేద్దాం అంకుల్. కహాఁ హై?"

నేను కిటికీలోంచి చూపించాను. పొగమంచుకి ఆవేళ ఎండే లేదు, ఇంకా విప్పలేదు. అమ్మాయి వెళ్ళి పై గుండీ తీసింది. లోపలి నుంచి లేతాకు ఒకటి బయటికొచ్చింది. ఆకుని మెల్లగా లోపలికి సర్ది, గుండీ మళ్ళీ పెట్టేసింది.

"రహ్నే దో అంకుల్, ఉండనివ్వండి. బయట చాలా చలి."

లోపలికొచ్చి తన శాలువా తీసి తల్లికి కప్పింది.

మర్నాడు ఎండొచ్చింది. స్వెట్టరు విప్పాను. పగటి షిఫ్టుకి మనిషి లేరు. గుమ్మం పక్కన ఆవిడ ఎండ కాచుకునే కుర్చీకి తొడిగి, గుండీలు పెట్టి వచ్చాను.