గుట్టు తల్లి ఎనెలెసి

ఊళ్ళో సగంమంది నోట్లో నువ్వుగింజ నానదు గానీ, ఎనెలెసి కడుపులో పడ్డ మాట మాత్రం అక్కడే ఉండిపోయేది. అందుకే మిటావా ఊరు ఆమెను గుట్టు తల్లిగా ఎన్నుకుంది. కడుపు కనపడేదాకా నెల తప్పిన మాట ఎవరికీ చెప్పకూడదు, చెడ్డ చెవిన పడితే బిడ్డ నిలవదని ఊరి నమ్మకం. ఆ భయంతో ఆడవాళ్ళు ఐదో నెలో ఆరో నెలో వచ్చేదాకా ఆసుపత్రి గడప తొక్కేవాళ్ళు కాదు. అప్పటికి జరగాల్సిన నష్టం జరిగిపోయేది. ఇప్పుడు ఒక్క ఎనెలెసికి చెబితే చాలు. ఇద్దరూ మొక్కజొన్న గిన్నెలు నెత్తిన పెట్టుకుని పిండిమరకని బయల్దేరేవారు. మర పక్కనే ఆసుపత్రి. ఎవరికి అనుమానమొస్తుంది?

చివరింటి ఎస్నాతికి ఇద్దరు బిడ్డలు పుట్టిన వారంలోపే పోయారు. మూడోసారి నెల తప్పగానే వచ్చింది. ఎనెలెసి వేరుశెనగలు ఒలుస్తోంది. ఎస్నాతి పక్కన కూర్చుని తనూ నాలుగు కాయలు ఒలిచి, అప్పుడు నోరు విప్పింది.

"అత్తా, మా ఆయనక్కూడా చెప్పలేదు. నీకొక్కదానికే."

ఈసారి మొదటినుంచీ చూపించుకుంటే బిడ్డ దక్కుతుందని ఆసుపత్రిలో నర్సు గట్టిగా చెప్పింది. తిరిగొచ్చే దారి పొడుగునా ఎస్నాతి కూనిరాగం తీసింది. ఆ పిల్ల పాడగా ఎనెలెసి వినడం అదే మొదలు.

ఎనెలెసికి రాత రాదు. పేర్లు లామెక్ చెవిలో చెబితే అతను పుస్తకంలో ఎక్కించేవాడు. లామెక్ ఊరి ఆరోగ్య కార్యకర్త. తల్లి పోయాక ఎనెలెసి ఇంట్లోనే తిని పెరిగాడు. ఎస్నాతి పేరు చెప్పినప్పుడు, ఇది పుస్తకం దాటిందంటే నీ తోలు వలుస్తానంది. అతను నవ్వాడు.

"నీ చేతి ముద్ద తిన్నవాణ్ణి పెద్దమ్మా, నన్నే అనుమానిస్తావా?"

నెల తిరక్కుండా పట్నం నుంచి ఆరోగ్యశాఖ పెద్దమనుషులొచ్చారు. ఊరిపెద్ద మామిడిచెట్టు కింద అందర్నీ కూర్చోబెట్టాడు. లామెక్ ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడి, మూడో నెల లోపే ఆసుపత్రికొచ్చిన తల్లులకి సబ్బూ గుడ్డా బహుమానమని చెప్పి, పుస్తకం తెరిచి పేర్లు చదవడం మొదలెట్టాడు. నాలుగో పేరు ఎస్నాతి. జనం చప్పట్లు కొట్టారు. కొందరు ముసలమ్మలు తిన్నగా ఆ పిల్ల పొట్టకేసే చూశారు. ఎస్నాతి లేవలేదు. లామెక్‌ను చూడనూ లేదు. ఎనెలెసినే చూసింది.

సభ అయ్యాక ఎనెలెసి వాణ్ణి నిలదీసింది. మిగతావాళ్ళూ చూసి నేర్చుకుంటారని చదివానన్నాడు.

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టావు కదరా," అంది. ఏడుపొచ్చింది, అదీ వాడి ముందు.

ఎస్నాతి మళ్ళీ ఆసుపత్రికి పోలేదు. ఎనెలెసి మూడుసార్లు గంజి పట్టుకెళ్ళింది, మూడుసార్లూ తలుపు తియ్యలేదు. ఊరెరిగిన కడుపు ఎలాగూ నిలవదని ఆ పిల్ల మనసులో పడిపోయింది. ఆ మాట కడిగేయడానికి ఎనెలెసి దగ్గర ఏముంది? ఎనిమిదో నెలలో, అదే ఊళ్ళో ఉన్న పుట్టింట్లోనే నొప్పులొచ్చాయి. బిడ్డ ఎదురుకాళ్ళతో పుట్టింది, మధ్యాహ్నం దాకే ఊపిరి తీసింది. ఆ నెలే లామెక్‌కి మంచి పనిమంతుడని కొత్త సైకిలిచ్చారు. ఇచ్చినవాళ్ళ కళ్ళు కాలిపోను!

పసిబిడ్డల్ని పూడ్చడానికి మగవాళ్ళు రారు. ఆ చోటు కూడా ఎవరికీ చెప్పరు. ఎనెలెసి పార భుజాన వేసుకుని ఆడవాళ్ళ వెనకే బయల్దేరింది. ఊరి చివర ఎస్నాతి తల్లి ఆగి వెనక్కి తిరిగింది. చేతుల్లో చిన్న మూట.

"నువ్వు రావద్దు ఎనెలెసీ. వస్తే ఎక్కడ పూడ్చామో కూడా ఊరంతా తెలుస్తుంది."

చెప్పింది నేను కాదు, అనబోయింది ఎనెలెసి. కానీ లామెక్ చెవిలో ఆ పేరు వేసింది ఎవరి నోరు? పార దించి అక్కడే నిలబడింది. ఆడవాళ్ళు గడ్డిలోకి వెళ్ళిపోయారు.