మావగారు పేరు పెట్టని చోటు

మా మావగారు పోయారన్న కబురు నాకు సముద్రం మీద ఉండగా అందింది. పోయిన నెలలో ఒక శనివారం పొద్దున. పడవలో నలుగురు కస్టమర్లు గాలాలు వేసుకుని కూర్చున్నారు. ఆస్పత్రి నుంచి మా ఆయన ఫోన్ చేసి "నాన్న ఎల్లిపోనాడే" అన్నాడు. ఇంజిను ఆపి ఉందేమో, అతని ఏడుపు నాకు బాగా వినబడింది.

నిజానికి ఆ రోజు పడవ తియ్యనని నేను మొండికేశాను. మావగారే ఒప్పుకోలేదు. ముందురోజు సాయంత్రం ఆస్పత్రి మంచం మీంచే కసిరారు. "మాటిచ్చినాక ఎల్లాల. నానెక్కడికి పోతానమ్మా, ఇక్కడే ఉంటాను లా!" మాట చివర ఆ "లా" ఇక్కడి మలాయి అలవాటు. ఉంటానన్న మనిషి ఉండలేదు.

విషయం చెప్పగానే కస్టమర్లు గాలాలు లాగేసుకున్నారు. పాటలు ఆపేశారు. కానీ ఇంటికి పోవడం ఎలా? అది ఆటు వేళ. మా నది మొగలో బురదమేట తేలితే పడవ లోపలికి దూరదు. పోటెక్కేదాకా ఆగాల్సిందే. మావగారు లేరని తెలిసీ గంటన్నర అక్కడే లంగరేసుకుని కూర్చున్నాను. ఏడుద్దామంటే పరాయి మగాళ్లు. ఏడవకుండా ఉండటం నా వల్ల కాలేదు. వాళ్లలో ఓ మలాయి పెద్దాయన తన తువ్వాలు నా చేతిలో పెట్టి అటు తిరిగి కూర్చున్నాడు. ఆయన పేరు కూడా నాకు తెలీదు.

మాది మలాయి దేశంలో హుటాన్ మెలింటాంగ్, నది సముద్రంలో కలిసే చోట ఉన్న చేపల ఊరు. సరదాకి చేపలు పట్టేవాళ్లని పడవెక్కించి సముద్రం మీదికి తీసుకెళ్లడం మా ఇంటి పని. పడవ నడిపే పెద్దని ఇక్కడ తేకోంగ్ అంటారు. మావగారు ముప్పై ఏళ్ల పైన తేకోంగ్. శనాదివారాల్లో క్లాంగ్ నుంచీ కౌలాలంపూర్ నుంచీ జనం కార్లలో దిగుతారు. వాళ్లకి కావలసింది జెనహాక్, కెరాపు లాంటి రాతి చేపలు. మా సముద్రం అడుగంతా బురద. ఎక్కడో ఒకచోట ఓ రాయి ఉంటుంది, ఓ మునిగిన పడవ ఉంటుంది, ఆ సందుల్లో ఈ చేపలు కాపురముంటాయి. ఆ చోట్లు తెలిసినవాడే తేకోంగ్. తెలియనివాడు ఊరికే డీజిలు కాల్చుకునేవాడు.

మావగారికి పదకొండు చోట్లు తెలుసు. ఎలా తెలుసంటే, వయసులో ఉండగా ఆయన వల పడవల మీద కూలికి పోయేవారు. అడుగున రాయి తగిలి వల చినిగినప్పుడల్లా యజమాని బండబూతులు తిట్టేవాడు. ఈయన మాత్రం తలెత్తి ఒడ్డు వైపు చూసేవారు. పామాయిల్ మిల్లు పొగగొట్టం దేని పక్కన ఉందో, ఏ దీవి ఏ దీవి వెనక దాక్కుందో చూసి గుర్తుపెట్టుకునేవారు. ఆ రెండు గుర్తులు మళ్లీ అలాగే కలిసినచోట ఆగితే చాలు, కాళ్ల కింద రాయి ఉన్నట్టే. "వల సినిగిన సోటే సేపకిల్లమ్మా" అనేవారు. ఆయన ఆస్తంతా ఊళ్లోవాళ్ల చినిగిన వలలే.

ఆయన పుట్టింది కొబ్బరి తోటలో. వాళ్ల తాతని శ్రీకాకుళం వైపు నుంచి ఓడలో కూలికి తెచ్చి తోటలో దింపారు. తోటలో పుట్టినోడికి సముద్రమేటని చుట్టాలంతా నవ్వారట. ఆ చుట్టాలే తర్వాత పెళ్లిళ్లకి చేపలు కావాలని మా గుమ్మంలో నిలబడేవారు. వాళ్లకి కూడా ఆయన మంచివే ఏరి ఇచ్చేవారు, నాకు ఒళ్లు మండేది.

నేను కోడలిగా వచ్చింది క్లాంగ్ నుంచి. మా అమ్మ తమిళం, నాన్న తెలుగు. ఇంట్లో మాట్లాడేది తమిళమే. మా ఆయనకేమో రేవులో కట్టేసిన పడవలో కాలు పెడితేనే వాంతులు. తేకోంగ్ కొడుక్కి సముద్రం పడదని ఊరంతా నవ్వు. అందుకని అతను లారీల వర్క్‌షాపులో పని చూసుకున్నాడు. నేను వంట చేసి క్యారేజీలు పడవకి అందించేదాన్ని. ఒకరోజు సాయానికి మనిషి రాకపోతే "నువ్వెక్కమ్మా" అన్నారు మావగారు. ఎక్కాను. వాంతి రాలేదు. ఇక దిగలేదు.

పడవ మీద ఆయన పెట్టిన మొదటి రూలు తెలుగులో మాట్లాడటం. భాషాభిమానం అనుకునేరు! కస్టమర్లలో మలాయివాళ్లుంటారు, చీనావాళ్లుంటారు, తమిళులుంటారు. ఏ భాషలో దారి చెప్పినా ఎవరో ఒకరు పట్టేస్తారు.

"మన బాస ఈల్లెవుడికీ తెల్దు గదా, ఇంకేటి బయం?" అనేవారు.

అలా చేపలు దాచుకోవడానికి నేను తెలుగు నేర్చుకున్నాను. "పొగగొట్టం కుడేపుకి రానీ, ఇంకాస్త, ఆఁ, ఆపు." నాకు పట్టుబడ్డ మొదటి తెలుగు మాటలివే. అక్షరాలు ఆ తర్వాతెప్పుడో సాయంత్రం బడిలో దిద్దుకున్నాను. నేను రాసిన మొదటి పేజీ తెచ్చి చూపిస్తే తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూసి, "బాగుందమ్మా, వల లాగుంది" అన్నారు. ఆయనకి చదువు రాదు. ఈ నాలుగు ముక్కలు మీ ముందు పెట్టగలుగుతున్నానంటే అది ఆ చదువురాని మనిషి చలవే.

చోట్లన్నిటికీ పేర్లుండేవి. ముసలోడు, రెండు కుండలు, అత్తోరిల్లు. అత్తోరిల్లంటే ఎప్పుడెళ్లినా కడుపునిండా పెట్టి పంపే చోటు. ఒక్కదానికి మాత్రం పేరు లేదు. ఇంట్లో శుభకార్యం ఏదైనా ఉంటే ముందురోజు ఒక్కరే అక్కడికి వెళ్లి, ఇద్దరు మోసేంత జెనహాక్‌లు తెచ్చేవారు. ఎక్కడివని అడిగితే నవ్వేవారు. ఆ చోటు పేరేంటని అడిగితే, "పేరెట్టినామంటే ఎవుడో ఒకడు పిలుస్తాడమ్మా" అనేవారు.

ఇక నా ఘనకార్యం చెప్పాలి. దాటేద్దామనే అనుకున్నాను గానీ, అది దాటేస్తే మావగారి గురించి రాసినట్టు కాదు.

నేను లైసెన్సు పరీక్ష పాసయిన ఏడు, పట్టుబట్టి పడవకి జీపీయెస్ కొనిపించాను. "కొండలు కదుల్తాయేటి, ఇదెందుకు?" అన్నారు మావగారు. వింటేగా! ఆయనకి చెప్పకుండా అత్తోరింటిని అందులో గుర్తు పెట్టేశాను, ఎప్పటికైనా పనికొస్తుందని. ఒకరోజు ఒక కస్టమరు వచ్చాడు. అబ్బ, ఏం మర్యాద, ఏం నవ్వు! నా చేపల పులుసు మూడుసార్లు వేయించుకున్నాడు. "అక్కా, ఒక ఫోటో" అన్నాడు తమిళంలో. నేను పొంగిపోయి చుక్కాని పట్టుకుని నిలబడ్డాను. వాడు తీసుకున్నది నా మొహం కాదు, నా వెనక వెలుగుతున్న జీపీయెస్ తెర.

రెండు వారాలకి మేం అత్తోరింటికి వెళ్లేసరికి అయిదు పడవలు అక్కడ విందులో ఉన్నాయి. పై నెలలో ఎవరో చేపలు పట్టే ఇనప బోనులు కూడా దించారు. ఆ తర్వాత గాలం వేస్తే ఎర వేసింది వేసినట్టే పైకొచ్చేది. ముప్పై ఏళ్లు ఆయన దాచుకున్నదాన్ని నేను ఒక్క ఫోటోకి తగలేశాను.

మావగారు నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండును. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. వండింది తిన్నారు, కంచం కడిగి బోర్లించారు, వెళ్లి వసారాలో కూర్చున్నారు. నేనా మౌనం భరించలేకపోయాను. పుట్టింటికి పోతానని బట్టలు సర్దుకున్నాను. నాలుగో రోజు పొద్దున ఆయన వంటింటి గడప దగ్గరికొచ్చి నిలబడ్డారు.

"బస్సుకెల్తన్నావా?"

"అవును మావయ్యా."

"సేప పోతే మల్లీ వస్తాది. కోడలు పోతే వస్తాదేటి? పులుసెట్టు, ఆకలేస్తంది."

ఆ పూట పులుసులో ఉప్పు రెండుసార్లు వేశానని మా ఆయన ఇప్పటికీ ఏడిపిస్తాడు. మావగారు మాత్రం ఊడ్చిపెట్టినట్టు తిన్నారు.

కానీ పేరులేని ఆ చోటు మాట ఆ తర్వాత ఆయన నా దగ్గర ఎత్తలేదు. నేనూ అడగలేదు. ఏ మొహం పెట్టుకుని అడగను? క్షమించారు, సరే. మళ్లీ నమ్మారా? ఈ ఒక్క ప్రశ్న నా గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. పడవ రేపు నడపాల్సింది నేనే. ఆయన ఆ చోటు చెప్పకుండా పోతే, నేను దానికి తగనని చెప్పి పోయినట్టే అనుకునేదాన్ని.

రెండేళ్లుగా షుగరు వల్ల ఆయనకి చూపు బాగా తగ్గింది. చుక్కాని నా చేతికిచ్చి పక్కన మడతకుర్చీలో కూర్చునేవారు, కైలీ లుంగీ మోకాళ్ల మీదికి మడిచి, నెత్తికి తడి తువ్వాలు చుట్టుకుని. గాలాలు వేసేముందు గంగమ్మ తల్లికి గుప్పెడన్నం నీళ్లలో వదిలే పని మాత్రం ఎవరికీ ఇచ్చేవారు కాదు. కస్టమర్లని వాళ్ల ఎదురుగానే తెలుగులో ఆడిపోసుకునేవారు. "ఈడు గాలం ఏస్తన్నాడా, ఈగలు తోల్తన్నాడా?" కళ్లు సరిగా కనిపించని మనిషి, దారం నీళ్లలో పడ్డ చప్పుడు విని అనేసేవారు. నేను నవ్వాపుకోలేక చచ్చేదాన్ని. నన్ను చూసి, సంగతి తెలీక, ఆ కస్టమరు కూడా నవ్వేవాడు.

ఒక్క అలవాటు మాత్రం నాకు మహా చిరాకు. తిరుగు దారిలో కస్టమర్లు అలిసి కునుకు తీస్తుంటే పడవని పక్కకి తిప్పమనేవారు. కాసేపటికి ఇంజిను ఆపమనేవారు. ఫ్లాస్కులోంచి అల్లం టీ నాకో గ్లాసు, తనకో గ్లాసు పోసేవారు.

"పొగగొట్టం ఎక్కడుందమ్మా?"

"నీల్ల ట్యాంకు యెనకాల మావయ్యా."

"దీవులో?"

"సిన్నది పెద్దదాని యెనక దూరింది. తోకొక్కటే కనపడతంది. పోదామా?"

"ఉండు లా. గాలి బాగుంది."

చూపు లేని మనిషి, నా కళ్లతో ఒడ్డు చూసుకుంటున్నారనుకునేదాన్ని. పోటు తప్పిపోతోంది, ఇంటికెళ్లి వండాలి, ఈయనకి ఇప్పుడు టీ ఒకటి తక్కువైందా అని సణిగేదాన్ని. వినబడేలాగే సణిగేదాన్ని. ఇప్పుడు తల్చుకుంటే చెంపలు వాయించుకోవాలనిపిస్తోంది.

ఆ శుక్రవారం సాయంత్రం, రేపు పడవ తియ్యాల్సిందేనని నన్ను కసిరిన తర్వాత, మావగారు కళ్లు మూసుకుని పడుకున్నారు. ఆ మూసిన కళ్లు చూస్తే నాకెక్కడలేని భయం వచ్చింది. భయంలోనే నోరు జారింది.

"మావయ్యా, ఆ పేరు నేని సోటు... మీతోనే పోతాదా?"

అన్నాక నాలుక కరుచుకున్నాను. మావగారు కళ్లు తెరిచి, పిచ్చిదాన్ని చూసినట్టు నా వైపు చూశారు.

"రెండేల్లు అక్కడే టీ తాగినావు గదమ్మా! మల్లీ నన్నడుగుతావేటి?"

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఆ వెంటనే ఒళ్లు తెలీని కోపం వచ్చింది. "నోరిప్పి సెప్పొచ్చు గదా మావయ్యా!" అని అరిచాను.

"సెప్తే రాసుకుంటావు" అన్నారు.

నర్సు వచ్చి మెల్లగా మాట్లాడమంది. మావగారు నా చెయ్యి తట్టి అటు తిరిగి పడుకున్నారు. ఆయనతో నా చివరి మాటలు అవే.

పెద్దకర్మ నాడు పోయినవాళ్లకి ఇష్టమైనవన్నీ వండి ఆకు వెయ్యడం మా ఇళ్లలో ఆచారం. మావగారికి ఇష్టమైంది జెనహాక్ పులుసు. బజారులో కొనుక్కొస్తానన్నాడు మా ఆయన. వద్దన్నాను. ముందురోజు పొద్దున్నే ఒక్కదాన్నే పడవ తీశాను. గుప్పెడన్నం నీళ్లలో వదిలాను. జీపీయెస్ ఆపేశాను. పొగగొట్టం ట్యాంకు వెనక్కి వెళ్లింది. చిన్న దీవి పెద్దదాని వెనక్కి జరుగుతూ జరుగుతూ తోక ఒక్కటి మిగిల్చింది. అక్కడ ఇంజిను ఆపి చేతిగాలం వదిలాను. సీసం గుండు బురదలో దిగలేదు. టక్కున రాతికి తగిలింది. ఆ తగలడం నా మోచేతి దాకా తెలిసింది. మరి కాసేపటికి కింద ఏదో బరువైంది ఎర పట్టుకుని లాగింది.

సరిగ్గా అప్పుడే ఇంకో పడవ నా వైపు వచ్చింది. నడుపుతున్నది మా రేవులోనే ఉండే చీనా తేకోంగ్. ముసలాయన. మావగారూ ఆయనా ముప్పై ఏళ్లు ఒకరి చోట్లు ఒకరు కనిపెట్టాలని చూసినవాళ్లే. కేకేసేంత దగ్గరికొచ్చి ఇంజిను తగ్గించాడు.

"ఆడా ఇకాన్?" అన్నాడు. చేపలున్నాయా అని.

దారం నా వేళ్లు కోసేస్తోంది. ఆ చేతిని పడవ అంచు కిందికి దించుకున్నాను.

"కోసోంగ్, అంకుల్! ఏమీ లేవు, ఖాళీ!" అని మలాయిలో అరిచాను.

ముసలాయన నా మొహం చూశాడు. కిందికి దించిన నా భుజం చూశాడు. ఒక్కసారి తలెత్తి ఒడ్డు వైపు చూస్తే చాలు, ఆ చోటు ఆయనదైపోయేది. ఆయన తలెత్తలేదు. మెల్లగా టోపీ తీసి, నీళ్ల వంకే చూస్తూ పడవ వెనక్కి తిప్పుకున్నాడు. వెళ్తున్నంతసేపూ టోపీ చేతిలోనే ఉంది, ఎండ పడుతున్న తల వంచుకునే ఉంది.