ఎలీసమ్మ పీకని వేపమొక్క

పెదకాకాని అవతల మిరప చేలల్లో ఎలీసమ్మ చేతికి పెద్ద పేరు. ముప్ఫైమంది ఆడకూలీల ముఠాకి ఆమే మేస్త్రీ. ఆ ముఠా కలుపు తీసి పోయిందంటే చేలోనే కాదు, గట్టు మీద కూడా గరిక పోచ మిగలదు. "ఎలీసమ్మ తీసిన చేను గొరిగిన గుండల్లే ఉంటదయ్యా" అని రైతులు మెచ్చుకుంటుంటే ఆమెకి కడుపు నిండిపోయేది. ఆ మెప్పులో ఎంత నష్టం దాగి ఉందో తెలియడానికి పాపం ఆమెకి యాభై రెండేళ్లు పట్టింది.

ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో గట్ల మీద తుమ్మలూ వేపలూ ఉండేవి. ట్రాక్టరు తిరగడానికి అడ్డమని కొన్నీ, నీడన కాపు పలచబడుతుందని కొన్నీ కొట్టేశారు. ఆ కొమ్మలు మోసుకెళ్లి వండుకున్నవాళ్లలో ఎలీసమ్మ కూడా ఉంది కాబట్టి ఎవర్నీ తిట్టడానికి ఆమెకి నోరు రాదు. చెట్లు పోయాక పిట్టలు పోయాయి. పత్తిచేలో పురుగు పెచ్చరిల్లింది. పురుగుని తినే పిట్టలు వచ్చి వాలడానికి చేలో కర్రలు పాతమని వ్యవసాయాఫీసు వాళ్లు చెబితే, రైతులు బుద్ధిగా పాతారు. ఉన్న చెట్టు నరికి ఎండుకర్ర పాతుకున్నాం, ఏం తెలివండీ మనది!

నాలుగేళ్ల కిందటి మార్చి నెలాఖరులో అసలు సంగతి జరిగింది. యలమందయ్య గారి చేలో ఆఖరి కోత. ఎలీసమ్మ కోడలు రెబ్కాకి అప్పుడు ఇరవై మూడేళ్లు. పన్నెండు దాటాక ఆ పిల్ల కాయలు కోస్తూ కోస్తూ మాట తడబడి, సాళ్ల మధ్య కుప్పకూలింది. ముట్టుకుంటే ఒళ్లు పెనంలా కాలుతోంది, చెమట మాత్రం చుక్క లేదు. ట్రాక్టరు ట్రక్కు కిందకి చేర్చారు. ఇనుము కదా, పైనుంచి సెగ కొడుతోంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారంటారు, ఇక్కడ పట్టుకుందామన్నా కనుచూపు మేరలో ఆకు లేదు. దూరంగా ఖాజావలి పొలం గట్టున మాత్రం ఒకే ఒక్క వేపచెట్టు కనిపిస్తోంది.

కాయలు పోసే పట్టా మీద రెబ్కాని పడుకోబెట్టి నలుగురు నాలుగు చెరగులూ పట్టుకుని పరిగెత్తారు. ఆ పరుగులో ఎలీసమ్మ చెప్పులు ఎక్కడో పోయాయి. అరికాళ్లు మాడిపోతుండగా ఆమె ఒక అడుగు వేసింది, ఆ అడుగు చల్లగా తగిలింది. చెట్టు నీడలోకి వచ్చేసింది. నిప్పుల మీదినుంచి తిన్నగా తడి ఇసుకలోకి దిగినట్టయింది ఆమెకి. బిందెడు నీళ్లు కోడలి మీద కుమ్మరించి, తడిగుడ్డలు కప్పి, పైటలతో విసురుతూ కూర్చున్నారు. పావుగంటకి రెబ్కా కళ్లు తెరిచి "అత్తా" అంది. ఎలీసమ్మ ప్రాణం లేచివచ్చింది.

కొడుకు కరుణాకర్ ఆటో తీసుకుని వచ్చేదాకా అక్కడే ఉండాలి. అప్పుడు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఎలీసమ్మ తలెత్తి ఒక చెట్టుని చూసింది. గోరింకలు కీచులాడుకుంటున్నాయి. ఏట్రింత పిట్ట ఒకటి కొమ్మ మీదినుంచి చేలోకి దూకి పురుగుని పట్టుకుని మళ్లీ వచ్చి కూర్చుంటోంది. చీమలు బెరడు మీద బారులు తీరి పనికి పోతున్నాయి. ఇంత ఎండనీ నెత్తిన మోస్తూ ఇంతమందిని కింద దాచుకున్న ఆ చెట్టుని చూసి ఆమె నోరు తెరుచుకుని ఉండిపోయింది.

"దీన్ని ఎవరు నాటారు సాయిబూ?" అని గోల విని వచ్చిన ఖాజావలిని అడిగింది.

"ఎవరూ నాటలా," అన్నాడు ముసలాయన. "పిట్ట రెట్టలో పడి మొలిచింది. మా నాయన పీకలా, అంతే."

ఎలీసమ్మ తన వేళ్ల వంక చూసుకుంది.

గుంటూరు ఆసుపత్రిలో రెబ్కా బతికి బయటపడింది. "ఇంకోసారి వడదెబ్బ తగిలితే దక్కదు, మధ్యాహ్నాలు నీడపట్టున ఉండాలి" అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. నీడ రాసిచ్చే చీటీ ఉంటే బాగుండుననిపించింది ఎలీసమ్మకి. పని మానితే ఇల్లు గడవదు. కోత రోజుల్లో కోడల్ని పదకొండింటికే ఇంటికి పంపేద్దామని అనుకుంది గానీ, ఎన్నేళ్లని అలా పంపుతుంది?

ఆ సెప్టెంబరులో మళ్లీ యలమందయ్య గారి చేలోనే కలుపు. ఎలీసమ్మ గట్టు పక్కన గొంతుక్కూర్చుని అలవాటుగా పీకుతూ పోతోంది. వేళ్ల మధ్యకి జానెడు వేపమొక్క వచ్చింది. చెయ్యి ఆగిపోయింది. పక్కన చూస్తే ఇంకొకటి, దానవతల రెండు. ఆ ఒక్క గట్టు మీదే పద్నాలుగు! ఖాజావలి చెట్టు పండ్లు తిన్న పిట్టలు ఊరంతా విత్తిపోయాయి.

ఆమె అలాగే మట్టిలో కూలబడింది. నలభై ఏళ్లుగా ఏటా ఇవి వస్తూనే ఉన్నాయి, ఏటా తను కలుపని పీకి పారేస్తూనే ఉంది. గొడ్డలి ఒక్కసారి కొట్టింది, తన చెయ్యి మాత్రం ఏటా కొట్టింది. అయినా ఒక్క ఏడు కూడా అలిగి రాకుండా ఉండలేదే! మనుషుల్లో ఇంత ఓర్పు ఎవరికుంది? ఎలీసమ్మకి ఏడుపొచ్చింది. భయం లాంటిదేదో కూడా వేసింది, ఆదివారం గుడిలో కళ్లు మూసుకుని నిలబడినప్పుడు వేసే లాంటిది.

"ఒసేయ్, గట్టు మీద వేపమొక్క ఎవతన్నా పీకిందో, చెయ్యిరగ్గొడతా!" అని లేచి అరిచింది. మేస్త్రీకి మతి పోయిందనుకున్నారు ముఠా వాళ్లు.

యలమందయ్య గారూ అలాగే అనుకున్నాడు. డిసెంబరులో ఆయన గట్టు మీద గడ్డిమందు కొట్టించబోతే, ఎలీసమ్మ కాయల బుట్టలు తెచ్చి మొక్కల మీద బోర్లించింది.

"ఏందే ఇది? నీడపడితే ఆ సాళ్లు మొత్తం పోవూ!" అని కేకలేశాడాయన.

ఎలీసమ్మ రెబ్కాని పిలిచి గట్టు మీద నిలబెట్టింది. సరిగ్గా నడిమధ్యాహ్నం. అది చేనుకి ఉత్తరపు గట్టు, దాని అవతల బండ్ల డొంక. రెబ్కా నీడ వెళ్లి డొంకలో పడింది.

"మీరే చూడండి. కోతలయ్యేదాకా పొద్దు దక్షిణానే ఉంటది గదండీ. ఎండలో ఈడ పడిచచ్చేది మేము, ఏ పూట నీడ ఎటు పడతదో మాకు తెలవదా?"

"సరే, ఒక్కటి ఉంచు."

"నాలుగుండాలండీ. లేదంటే ఈసారి కోతకి వేరే ముఠాని చూసుకోండి."

మిరప కోతలప్పుడు ముఠా దొరకడం కన్నా పిల్లకి సంబంధం దొరకడం తేలిక. యలమందయ్య గొణుక్కుంటూ మందు మనిషిని పంపించేశాడు. ఆ కబురు చుట్టుపక్కల చేలకి పాకింది. ఎలీసమ్మ ముఠా కావాలంటే డొంకవైపు గట్టున నాలుగు మొక్కలు బతకనివ్వాలన్నది కట్టుబాటైపోయింది. నాటే పని లేదు, నీళ్లు పోసే పని లేదు, చెయ్యి ఊరుకుంటే చాలు.

యలమందయ్య గట్టు మీది నాలుగింట్లో ఒకదాన్ని గేదె తొక్కింది, ఒకటి ఎండింది. మిగిలిన రెండూ ఈ మార్చికి మనిషికి రెండింతల ఎత్తయ్యాయి. ఆఖరి కోతకి వచ్చిన మొదటిరోజు ముఠా అంతా ఆ చెట్ల కింద ఒకళ్ల మీద ఒకళ్లు పడినట్టు ఇరుక్కుని క్యారియర్లు విప్పారు. ఇన్నేళ్లూ కోతల్లో పదకొండింటికే ఇంటికి పోయిన రెబ్కా ఆ రోజు పోలేదు.

ఒంటిగంటప్పుడు యలమందయ్య బండి దిగాడు. ఎండకి మొహం కందగడ్డలా ఉంది. తన చేలో కూలీల సరసన ఏనాడూ కూర్చోని మనిషి. "కాస్త జరగండమ్మా," అని గట్టు అంచున చతికిలబడ్డాడు.

"రెబ్కా, కాసిని మంచినీళ్లు పోయమ్మా," అన్నాడు.

రెబ్కా లేచి, తను తాగుతున్న గ్లాసునే కడిగి, బిందె వంచి అంచుదాకా నింపింది. మార్చి నెల, మిట్టమధ్యాహ్నం. ఆ పిల్ల చేతిలో గ్లాసు వణకలేదు, చుక్క నీరు తొణకలేదు. నీళ్లు తాగుతున్న ఆసామిని ముప్ఫైమంది నోళ్లు వెళ్లబెట్టి చూస్తున్నారు. ఎలీసమ్మ మాత్రం కోడలి చెయ్యినే చూస్తూ ఉండిపోయింది.