సవతి బిళ్ల

రోమన్ మహారాణుల బొమ్మలున్న పాత నాణేలు సేకరించడం నా అలవాటు. వాటిని తుడుస్తూ కూర్చుంటే, "నా సవతులకు స్నానాలైనయా?" అని నా భార్య ఎగతాళి చేసేది. ఆమె పోయాక వాటిని చూడబుద్ధి కాలేదు. ఒక్కటి తప్ప అన్నీ అమ్మేశాను. ఆ ఒక్కటీ అమ్మేద్దామని జేబులో వేసుకుని కోస్గిలో మహబూబ్‌నగర్ బస్సెక్కాను.

దారిలో దాన్ని తీసి చూస్తుంటే పక్క సీటులోని పెద్దావిడ వంగి చూసింది.

"గీమె ఎవరు సారూ?"

"ఒక రాజు భార్య, అమ్మా. ఆమె చనిపోయినంక రాజు ఆమె బొమ్మతోని ఈ నాణెం చేయించిండు."

"అయితే మా లెక్కనే." కొంగు జరిపి, పుస్తెల పక్కనున్న చిన్న వెండి బిళ్ల చూపించింది. దాని మీదా ఒక ఆడమనిషి బొమ్మ ఉంది. మొదటి భార్య చనిపోతే ఆమె గుర్తుగా రెండో భార్య వేసుకునే సవతి బిళ్ల అది.

"మా అక్క. నేను చూడనే లేదు. అయినా పండుగొస్తె ముందుగాల ఆమెకు పెట్టినంకనే మేం తింటం. మరి గీ రాణికి ఎవరు పెడ్తరు?"

"ఎవరూ పెట్టరు."

"గదేంది సారూ! ఇంట్ల ఉంచుకొని ఉపాసం పండవెడ్తవా?"

తన సద్దిమూట విప్పి, జొన్నరొట్టె ముక్క తుంచి నా అరచేతిలో నాణెం పక్కన పెట్టింది. కాసేపు ఆగి, "ఆమె తిన్నది. ఇగ నువ్వు తిను" అంది.

తిన్నాను. నాణెం అమ్మకుండానే ఇంటికొచ్చాను.

ఇప్పుడు పండుగనాడు మొదటి ముద్ద నా భార్య ఫొటో ముందు పెడతాను. పక్కనే ఆమె సవతికి ఇంకో చిన్న ముద్ద.