గిలాసలను కాపాడిన వీరవనిత

చాయ్ స్టీలు గిలాసల పోసిచ్చిన్నని అట్ల మొఖాలు చూసుకోకుండ్రి. మీరు మన బడి టీచర్లంత కలిసి కొనిచ్చిన పింగాణి కప్పులు ఎటు పోయినయో చెప్తనే గద! మొన్న నేను హైదరాబాద్ పోయి కళను ఉద్ధరించొచ్చిన. ఎంతగ ఉద్ధరించిన్నంటే, ఆ హాల్ గేటుకు నా ఫొటో అంటించి 'ఈమెను లోపలికి రానియ్యొద్దు' అని రాసినా నేను కాదనలేను.

మా చెల్లె రూతు ఎరికే గద మీకు? చానా తిరిగి తిరిగి, అక్కడో పెద్ద ఎగ్జిబిషన్ హాల్‌ల గైడు నౌకరి సంపాదించుకున్నది. ఇంక పక్కా కాలేదు. పెద్ద మేడమ్ మెచ్చితె ఉంచుకుంటరు, లేకుంటె ఇంటికి తోల్తరు. మాకు పాసులు పంపి, ఫోన్ల ఒకటే మొత్తుకునుడు. "అక్కా, నీకు దండం పెడత! ఏదీ ముట్టుకోకుండ్రి. ఆ రోజు పెద్ద మేడమ్ నా పక్కనే ఉంటది. బావకు మరీ మరీ చెప్పు!"

మా ఆయనకు చెప్పుమంటే నాకు పండుగే. బొగ్గుబాయిల పనిచేసే మనిషి, ఏది కనబడ్డా ఓసారి తట్టి చూడంది ఊకోడు. నేనంటె టీచర్ను, సంస్కారం పుట్టుకతోనే వచ్చింది. రామగుండంల రైలెక్కిన కాడి నుంచి సికింద్రాబాద్‌ల దిగేదాక క్లాసు తీసుకున్న. "చేతులు ఎనుకకు కట్టుకోవాలె. సమజ్ కాకున్నా తలకాయ ఊపాలె. ధర అడుగొద్దు." పాపం, అన్నిటికి "సరే తియ్" అన్నడు మా ఆయన దానియేలు.

హాల్ అంటె హాలా అది! మన బడిని గ్రౌండుతో సహా ఎత్తుకపోయి అండ్ల పెట్టినా ఇంక జాగ మిగుల్తది. ఓ మూలకు పగిలిన పింగాణి ప్లేట్లు కుప్ప పోసిండ్రు. పక్కన బోర్డు: 'మౌనం'. ఇంకో దిక్కు కాలు ఇరిగిన కుర్చీ. దాని పేరు 'అధికారం'. మా ఆయన నా చెవుల మెల్లగ, "గిసొంటిది మన అటక మీద పడి ఉన్నది గదనే. పేరు పెట్టుడే మరిచినం" అన్నడు. "ష్!" అన్న. మూతి మూసుకున్నడు. చేతులు మాత్రం ఎనుకనే ఉన్నయి, మెచ్చుకోవాలె.

నడిమిట్ల అసలు సరుకు. కప్పు దాక లేచిన ఇనుప అరలు, అరల నిండ స్టీలు గిలాసలు, గిన్నెలు. చుట్టూ తాడు కట్టిండ్రు. పేరు 'కంపనం'. ఆ పక్కకే స్టూలు మీద ఓ టీవీ, బొమ్మ లేదు, ఉత్త చుక్కలు ఆడుతున్నయి. అది వేరే కళనట. మనింట్ల అట్లొస్తె మెకానిక్‌ను పిలుస్తం.

అక్కడ్నే మా రూతు, నల్లకోటు తొడుక్కొని, పెద్ద పెద్దోళ్ళకు ఇంగ్లీషుల టకటక చెప్తున్నది. పక్కన పెద్ద మేడమ్. నా చెల్లెను అట్ల చూసి నాకు కండ్లల్ల నీళ్ళు తిరిగినయి.

గప్పుడే 'ధన్'మని ఒక్కటే చప్పుడు! కాళ్ళ కింద నేల అదిరింది. గిలాసలన్ని గలగలగల వణుకుడు షురూ చేసినయి. ఇగ నాకు హాల్ లేదు, పెద్ద మేడమ్ లేదు, సంస్కారం అంతకన్న లేదు. తాడు కిందికెల్లి దూరి, రెండు చేతులు బార్ల చాపి, ఆ అరను గుండెకు అదుముకొని ఒక్క కేక పెట్టిన.

"ఇగో! నువ్వు టీవీ పట్టు!"

గంత బుద్ధిగ ఉన్న మనిషి, ఒక్క ఉరుకు ఉరికి ఆ చుక్కల టీవీని చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నడు. వైరు ఊడింది. చుక్కలు బంద్.

మీకు చెప్పేదేమున్నది, మన దగ్గర రోజూ పగటీలి ఓపెన్‌కాస్టు బొగ్గుగనిల బ్లాస్టింగ్ కాంగనె ఇల్లంత ఊగుతది. నేను ఉరికి షోకేసు పట్టుకుంట, ఆయన టీవీ పట్టుకుంటడు. పెండ్లయిన కాడి నుంచి ఇదే మా డ్యూటీ. అక్కడ ఆ చప్పుడే కళ అని, ఆ వణుకు కోసమే కింద మోటర్ పెట్టిండ్రని నాకేమెరుక? నేను గుంజి పట్టేసరికి అర ఓ దిక్కు ఒరిగింది. పైనున్న గిలాసలు టపటప నా నెత్తి మీద పడవట్టినయి. ఒకటి దొర్లుకుంట దొర్లుకుంట పోయి సక్కగ పెద్ద మేడమ్ చెప్పుల కాడ ఆగింది.

హాలంత సప్పుడు లేదు. 'మౌనం' అంటె ఏందో అప్పుడు సమజైంది నాకు.

రూతు మొఖం సున్నమేసినట్టు తెల్లగైంది. పెద్ద మేడమ్ "రూత్, డూ యూ నో దెమ్?" అన్నది. గిలాసలు పడితె పడ్డయి, నా చెల్లె నౌకరి పోయేటట్టున్నది! అది నోరు తెరిచేలోపలనే నేను అందుకున్న. "ఐ డోంట్ నో హర్ మేడమ్! వీ ఆర్ ఫ్రమ్ నస్పూర్!" ముందుజాగ్రత్తకు ఊరు సుత మార్చిన. మా ఆయన టీవీ ఎత్తుకొనే వంత పాడిండు. "అవు మేడమ్, ఈమె మా మరదలే కాదు!"

మేడమ్‌కు తెలుగు రాకపోవుడు దేవుని దయ.

ఇగ రూతు కోటు సరిచేసుకొని నా దిక్కు తిరిగింది. "మేడమ్, బోర్డు చదవలేదా? దయచేసి బయటికి నడవండి. సర్, మీరు ఆ టీవీ కింద పెట్టండి." నేను జడలేసి బడికి తోలిన పిల్ల, నా రెక్క పట్టుకొని గేటు దాక తోలింది! గేటు కాడ ఎవ్వలు చూడకుండ మెల్లగ, "తిన్నరా అక్కా?" అన్నది. నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే.

తెల్లారి ఫోన్ చేసింది. నౌకరి పక్కా అయిందట! "గిసొంటోళ్ళను ఎంత మర్యాదగ సంభాళించినవ్" అని పెద్ద మేడమ్ మెచ్చుకున్నదట. గిసొంటోళ్ళు అంటె మేమే.

ఇగ మీ కప్పుల సంగతి. నిన్న ఒంటిపూట బడి అయినంక ఇంటికొచ్చి కూసున్న. బ్లాస్టింగ్ అయింది. ధన్! షోకేసు ఊగవట్టింది. ఎన్నడు లేంది, నిన్న మాత్రం హాల్ యాదికొచ్చి, సిగ్గుకు నా చేతులు వాటంతట అవే ఎనుకకు పోయినయి. నిలబడి చూసిన. తలకాయ సుత ఊపిన. కప్పులన్ని ఒకదాని ఎంబడి ఒకటి దిగినయి.

మా ఆయనేమన్న అంటడేమో అనుకున్న. ఆయన చీపురు పట్టి పెంకులన్ని ఆ మూలకు కుప్ప జేసిండు. నా సుద్దముక్క తీసుకొని గోడ మీద పేరు రాసిండు. అగో, అటు చూడుండ్రి: 'సంస్కారం'.

దగ్గరికి పోతె పోండ్రి గని, ముట్టుకోకుండ్రి.