తోమా చీటీ

మొన్న మేముండే కోహ్కా పేటలో మా ప్రార్థనామందిరానికి రంగులేస్తున్న పెయింటరు, "భయ్యా, గోడ మీద అపొస్తలుల పేర్లు ఎన్ని రాయాలి?" అని అడిగాడు. పన్నెండని ఊరుకుంటే సరిపోయేది. పాత రైల్వే టైంటేబుళ్లు చూసి లెక్కలు నేర్చుకున్నవాణ్ని, సగం లెక్క చెప్తే నాకు అన్నం సహించదు. పన్నెండుమంది శిష్యుల్లో గురువును పట్టిచ్చిన యూదా పోతే పదకొండు, మత్తీయ చేరితే మళ్లీ పన్నెండు, ఆ తర్వాత పౌలు. అతను కుంచె పట్టుకుని దిక్కులు చూశాడు. నాకు అమ్మ గుర్తొచ్చింది.

తొంభైల నాటి మాట. నాన్న రైల్వేలో పట్టాల గ్యాంగు మేస్త్రీ, క్రైస్తవుడు. అమ్మ విజయనగరం వైపు హిందువుల ఇంటి పిల్ల. బాప్తిస్మం తీసుకోలేదు. పొద్దున దీపం పెట్టుకునేది, శుక్రవారం సాయంత్రం మా ఇంట్లో జరిగే ప్రార్థన కూటానికి టీ కాచేది. ఇరవై రెండు కప్పులు, రెండింటికి చెవులు లేవు. ఒక ఏడాది సంఘంలోని పన్నెండు ఇళ్లకు చీటీలు వేశారు. ఎవరికి ఏ అపొస్తలుడు వస్తే ఆయన జీవితం ఆ ఇంటివాళ్లు చెప్పాలి. రాసి మడిచింది నేనే, యూదాకు బదులు మత్తీయను కలిపి. అందరి ఆశా పేతురు మీదే. నాన్న డ్యూటీలో ఉండటంతో మా ఇంటి చీటీ అమ్మ తీసింది. తోమా వచ్చాడు.

"నానే సెప్తాను," అంది.

సంఘపెద్ద నవ్వాడు. "అరే చెల్లెమ్మా, నువ్వు టీ సంగతి చూడు. బాప్తిస్మం లేనోళ్లు అపొస్తలుడి గురించి చెప్పడమేటి? ఆ చీటీ ఇటియ్యి, మళ్లీ తీద్దాం."

అమ్మ గుప్పిట విప్పలేదు. "మత్తీయనెలా ఎంచుకున్నారు అన్నయ్యగారూ? సీట్లేసి కాదేటి? ఆయన పేరొచ్చాక మళ్లీ తీద్దామన్నారేటి?"

ఇన్నేళ్లూ వంటింట్లోంచి ఆవిడ ఒక్క వాక్యమూ వదలకుండా విన్నదని అప్పుడు తెలిసింది. పెద్దాయన నా వైపు చూశాడు. "పన్నెండు ఇళ్లు, పన్నెండు చీటీలు. తప్పు లేదు," అన్నాను.

పై శుక్రవారం అమ్మ వంటింట్లోకి వెళ్లలేదు. కూటం మధ్యలో నిలబడింది. "మా ఇంటాయన గేజు పెట్టి పట్టాల మజ్జ ఎడం కొలవకుండా బండి వదల్రు. అనుమానం మనిషంటారేటి? తోమా కూడా సిలవ గాయం సూస్తేగానీ ప్రభువు తిరిగి లేచాడని నమ్మనన్నాడు. సూశాక మరి ఆగలేదు. మన దేశం దాకా వచ్చి ప్రాణమిచ్చాడంటారు. నానింకా సూస్తన్నాను. తొందరెట్టకండి."

ఆ రోజు టీ నాన్న కాచాడు. పంచదార మరీ ఎక్కువైంది, అయినా పెద్దాయన రెండో కప్పు అడిగి పుచ్చుకున్నాడు.

అమ్మ చివరిదాకా బాప్తిస్మం తీసుకోలేదు. పెయింటరు చేత తోమా పేరు మొదట రాయించాను, అడిగేవాళ్లను అడగనీ. గాయం చూసి నమ్మడానికి తోమాకు ఎనిమిది రోజులు సరిపోయాయి, అమ్మకు జీవితమంతా చాల్లేదు. ఎవరి కొలతకు ఎంత కాలం పట్టాలో పక్కవాళ్లు తేల్చేది కాదు.